రెండు రంగులు కలవని చోటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల టీచర్లు అప్పుడప్పుడు మా జల్‌పల్లి ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతారు, నా మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతారు, చివరికి అసలు సంగతికి వస్తారు. పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పాఠం ఏది మేడం అని. త్రికోణమితి అంటానని వాళ్ళ ఆశ. నేను అసమీకరణాలు అంటాను. అందులోనూ రెండేసి షరతులు కలిపి ఇచ్చే సంయుక్త అసమీకరణాలు. వాళ్ళు మర్యాదగా నవ్వుతారు. రిటైరైన వాళ్ళకు ఏదో ఒక పిచ్చి ఉంటుందని అనుకుంటారు కాబోలు. "అది ఈజీ కదా మేడం, ఫోన్‌లో గ్రాఫ్ గీసి చూపిస్తే ఒక్క పీరియడ్‌ల అయిపోతది" అంది మొన్న ఒక అమ్మాయి.

ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. ఒక్క పీరియడ్‌లో అయిపోవాల్సిన పాఠం నాకు ఒక వానాకాలమంతా ఎందుకు పట్టిందో, ఆఖరికి అది నాకైనా అర్థమైందో లేదో చెప్పి చూస్తాను. ఇందులో నీతి ఏదైనా ఉందేమోనని మాత్రం వెతక్కండి. నేను చాలా వెతికాను, దొరకలేదు.

నా స్వభావం గురించి ముందే చెప్పడం మంచిది. నాకు గజిబిజి అంటే గిట్టదు. మా నాన్నకు అఫ్జల్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉండేది. కందిపప్పు బస్తాలో శనగపప్పు బద్ద ఒక్కటి కనిపించినా ఆ రోజు హమాలీలకు మూడినట్టే. ఆ గుణం నాకు వచ్చింది. లెక్కల్లోకి వచ్చింది కూడా అందుకే. అక్కడ ఏ బద్ద ఏ బస్తాదో తేలిపోతుంది. తప్పు చేసిన పిల్లవాడి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. అది తప్పో ఒప్పో తేలకుండా చేసిన వాళ్ళ మీద వచ్చేది. అలాంటి వాళ్ళు నా సర్వీసులో చాలా తక్కువ. అందులో మొదటి స్థానం ఇప్పుడు చెప్పబోయే ఆవిడదే.

రిటైర్ కావడానికి కొంతకాలం ముందు యాకుత్‌పురా దగ్గర ఒక బడిలో పనిచేశాను. అక్కడ ఆదివారాలు పెద్దవాళ్ళకు టెన్త్ క్లాసు నడిచేది. చిన్నప్పుడు చదువు ఆగిపోయి, ఇప్పుడు ప్రైవేటుగా పరీక్ష రాద్దామనుకునే వాళ్ళు వచ్చేవాళ్ళు. వెల్డింగ్ చేసేవాళ్ళు, బట్టల దుకాణంలో పనిచేసేవాళ్ళు, ఇళ్ళలో వంట చేసేవాళ్ళు. చిన్న బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చునేవాళ్ళు. హోంవర్క్ చేయలేదంటే మా పిల్లల కంటే మంచి సాకులు చెప్పేవాళ్ళు, అన్నీ నిజమైన సాకులు.

ఆవిడ రెండో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. ముప్పై దాటిన మనిషి. భర్త బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేస్తూ జ్వరం వచ్చి చనిపోయాడు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. భర్త బదులు ఆమెకు ఉద్యోగం ఇస్తామని డిపో వాళ్ళు అన్నారు. కానీ టెన్త్ పాసై ఉండాలి, పాసైన కాగితం ఫిబ్రవరి ఆఖరుకల్లా చేతికివ్వాలి. ఆ గడువు దాటితే ఇక అడగడానికి లేదు. దసరా తర్వాత జరిగే పరీక్ష రాసి పాసైతే గడువులోపల పడుతుంది. తక్కిన సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కుతాయి. గండమంతా లెక్కలే.

అంటే ఆ ఉద్యోగానికీ ఆమెకూ మధ్య నేనున్నాను. ఈ మాట అప్పుడు నాకు తట్టలేదు. బోర్డు మీద గీతలు గీసుకుంటూ ఉన్నాను.

నా పద్ధతి ఏమిటంటే, బోర్డు మీద అడ్డంగా సంఖ్యారేఖ గీస్తాను. మొదటి షరతుకు సరిపోయే అంకెల మీద గులాబి రంగు సుద్దముక్కతో రుద్దుతాను. రెండో షరతుకు సరిపోయే వాటి మీద నీలం రంగుతో రుద్దుతాను. షరతుల మధ్య 'మరియు' ఉంటే రెండు రంగులూ కలిసి పడిన చోటు మాత్రమే జవాబు. 'లేదా' ఉంటే ఏ రంగు పడినా జవాబే. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఈ పాఠం మొదలుపెట్టిన రోజు ఇచ్చిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. x + 3 < 5 లేదా 2x − 1 > 9. విడదీస్తే x రెండు కన్నా తక్కువ, లేదా ఐదు కన్నా ఎక్కువ అని వస్తుంది. రెండుకు ఎడమ పక్కంతా గులాబి, ఐదుకు కుడి పక్కంతా నీలం, మధ్యలో ఖాళీ. ఆవిడ బోర్డు దగ్గరికొచ్చి చక్కగా విడదీసింది. ఆ రెండంకెలూ జవాబులో చేరవని గుర్తుగా రెండు దగ్గర, ఐదు దగ్గర ఖాళీ సున్నాలు పెట్టింది. రంగులు కూడా సరిగ్గానే వేసింది. శభాష్ అనబోతుండగా కింద జవాబు రాసింది, 5 < x < 2 అని.

దీనర్థం x ఐదు కన్నా ఎక్కువ, అదే సమయంలో రెండు కన్నా తక్కువ అని. అలాంటి అంకె ఎక్కడా లేదు. బొమ్మ సరైనది, జవాబు అసంభవం. పొరపాటున గుర్తులు తిరగబడ్డాయనుకుని మళ్ళీ రాయమన్నాను. మళ్ళీ అదే రాసింది.

"ఐదు పెద్దదా, రెండు పెద్దదా?" అన్నాను.

"ఐదే మేడం."

"మరి ఐదు కన్నా పెద్దది రెండు కన్నా చిన్నదెట్లయితది?"

"చిన్నదంటలేను మేడం. ఐదు కాడ షురువై అట్ల పోయి, ఇట్ల తిరిగొచ్చి, రెండు కాడ ఆగుతది. అంతా ఒక్కటే ముక్క."

అని వేలితో చూపించింది. వేలు ఐదు మీద మొదలై కుడివైపు సాగింది, బోర్డు అంచు దాటి గాలిలోకి పోయింది. ఆమె చెయ్యి దించకుండానే ఎడమ పక్కకు నడిచింది, ఆ అంచు మీద మళ్ళీ వేలు పెట్టి రెండు దాకా లాక్కొచ్చింది. క్లాసులో సగం మంది అవునవునన్నట్టు తలలూపారు. నాకు భయం వేసింది.

"గీత ఎక్కడా మళ్ళదమ్మా. అటు కొస అటే పోతది, ఇటు కొస ఇటే పోతది."

"ఎంత దూరం పోతది మేడం?"

"అంతు లేదు."

"అంతు లేకపోతే, రెండు కొసలు కలుస్తలేవని ఎవరు చూసిన్రు మేడం?"

ఆమె ఎకసెక్కానికి అడగలేదు. నా మొహం చూసి, తనే ఏదో తప్పుగా మాట్లాడానని తలవంచుకుంది. నేను పుస్తకం తెరిచి తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయాను. మీరైతే ఏం జవాబు చెప్పేవారో నాకు తెలుసుకోవాలని ఉంది. తొందరేం లేదు, ఆలోచించుకొని రండి.

మర్నాడు స్టాఫ్‌రూంలో ఈ గొడవ ఫిజికల్ సైన్స్ సారుకు చెప్పాను. మంచి మనిషి, చాయ్ గ్లాసు చేతిలో ఉంటే ప్రపంచంలో దేనికైనా సమాధానం చెప్పగలడు. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఆమె గలత్ ఏం చెప్పింది మేడం? దునియా గోల్ హై. ఈడికెళ్ళి సీదా తూర్పుకు పొయ్యినమనుకో, పడమర దిక్కుకెళ్ళి వాపస్ వస్తం కదా" అన్నాడు. ఇది భూమి కాదు, సంఖ్యారేఖ అన్నాను. సరే అన్నాడు. రెండు రోజుల తర్వాత మెట్ల మీద ఆపి, "నేను మస్తు సోంచాయించిన మేడం. మన గీత గూడ యాడనో మళ్ళుతదేమో, మనకు దూరమై కనవడ్తలేదేమో" అన్నాడు. ఇంకోసారి నా క్లాసు దరిదాపుల్లోకి రావద్దని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు గానీ, ఆ రోజు నుంచి బోర్డు మీద గీత గీసినప్పుడల్లా నా కళ్ళు దాని కొసల మీదికే పోయేవి. మా నాన్న చూస్తే నన్ను దుకాణం మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

ఆ వానాకాలం నేను చేయని ప్రయత్నం లేదు. నేల మీద గీత గీసి ఆమెను నడిపించాను. వరండా చివరి దాకా వెళ్ళి, ఇప్పుడెటు పోవాలి మేడం అన్నట్టు ఆగి వెనక్కి చూసింది. థర్మామీటర్ చూపించాను, దానికి పైకొస కిందికొస కలవవు కదా అన్నాను. ఒప్పుకుంది. మళ్ళీ లెక్క ఇస్తే మళ్ళీ 5 < x < 2. 'మరియు' లెక్కలన్నీ సరిగ్గా చేసేది. ఎందుకంటే అక్కడ రంగు మధ్యలో పడుతుంది, అది ఎలాగూ ఒక్కటే ముక్క. 'లేదా' లెక్క వస్తే చాలు, రెండు ముక్కలను ఒకటి చేసేసేది. ఎందుకట్లా అంటే, "రెండు ముక్కలు ఇడిచిపెట్టబుద్ధి కాదు మేడం, అధూరగ, పూర్తిగానట్టనిపిస్తది" అనేది. నాకు తల పట్టుకోవాలనిపించేది. ఆమెకు అర్థం కావడం లేదా, నాకు అర్థం కావడం లేదా అన్నదే తేలలేదు.

దసరా ముందు ప్రీఫైనల్ పెట్టాం. ఆ పాఠానికి మార్కులు ఎక్కువ. ఆవిడ కొద్దిలో ఫెయిలైంది. పరీక్షకు ఎవరి పేర్లు పంపాలో నిర్ణయించేది హెడ్ సారు. ఆయన చెడ్డవాడు కాదు. సోషల్ సబ్జెక్టు నుంచి వచ్చిన మనిషి, అందరితో మెత్తగా మాట్లాడేవాడు. కానీ అంతకుముందు సారి మా సెంటర్ నుంచి చాలామంది ఫెయిలయ్యారు. ఈసారి కూడా అలాగే అయితే ఆదివారం క్లాసే ఎత్తేస్తామని పైనుంచి హెచ్చరిక వచ్చింది. అందుకని, ప్రీఫైనల్ తప్పిన వాళ్ళను ఎండాకాలం పరీక్షకు ఆపుదామన్నాడు.

ఆవిడకు గడువుంది సార్ అన్నాను. "గడువు లేనోళ్ళెవరు మేడం? ఒకామె కొడుక్కు లగ్గమంటది, ఇంకొకాయన దుబాయ్ వీసా అంటడు. నేను ఎవరెవరి ఫికర్ చెయ్యాలె" అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో కూడా తప్పు కనిపించలేదు. అదే నా బాధ. ఆ మాట ఆమెకు మీరే చెప్పండి, మీ మీద ఆమెకు గౌరవముంది అన్నాడు. గౌరవముంటే ఇలాంటి పనులు మన నెత్తిన పడతాయి, గుర్తుపెట్టుకోండి.

ఫోన్‌లో చెప్పబుద్ధి కాక మధ్యాహ్నం బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. రైల్వే స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. వాకిట్లో కుంపటి ముందు కూర్చుని ఆమె పనిచేస్తోంది. ఏదో కుట్టుపని చేస్తుందనుకున్నాను ఇన్నాళ్ళూ. లక్క గాజులు చేస్తుందని నాకప్పుడే తెలిసింది. నన్ను చూసి లేవబోయింది. "కూసోండి మేడం, ఇది సల్లారితే ఖరాబైతది, ఒక్క నిమిషం" అంది.

నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను, ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ. ఆమె వేడెక్కిన లక్కను చెక్క మీద దొర్లించి సన్నటి కడ్డీలా చేసింది. దానికి పచ్చ రంగు పట్టించింది. తర్వాత రెండు కొసలకు మాత్రం గులాబి రంగు పట్టించింది. అటు కాస్త గులాబి, ఇటు కాస్త గులాబి, మధ్యలో పచ్చ. తర్వాత ఆ కడ్డీని వంచి, రెండు కొసలూ కుంపటి సెగకు చూపించి, ఒకదానికొకటి అతికించి వేళ్ళతో నొక్కింది. అతుకు కనబడకుండా పోయింది. నా చేతికిచ్చింది. పచ్చ గాజు మీద ఒకే ఒక్క గులాబి ముక్క ఉంది.

నేను ఆ గాజును తిప్పి తిప్పి చూశాను. రోజుకు ఎన్ని గాజులు చేస్తుందో, ఎన్నేళ్ళుగా చేస్తుందో. ఆమె చేతికి వచ్చిన ప్రతి కడ్డీ కొసలూ కలవాల్సిందే. కలవకపోతే అది పని కాదు. అటువంటి మనిషి ముందు నేను ఒక గీత గీసి, రెండు కొసలకూ రంగేసి, ఇంతే, వదిలెయ్ అంటున్నాను.

"ఇంకొకటి చెయ్యి" అన్నాను. చేసింది. వంచబోతుంటే ఆగమన్నాను.

"ఇప్పుడు గులాబి ఎన్ని ముక్కలున్నది?"

"రెండు మేడం."

"పరీక్షల అదే రాయాలె. వంచకముందు ఎట్లున్నదో అట్ల. వాళ్ళు కడ్డీనే అడుగుతున్నరు, గాజు అడుగుతలేరు."

ఆమె కడ్డీని చూసింది, నన్ను చూసింది. "అతికియ్యకుండ ఇడిస్తే అది గాజెట్లయితది మేడం?"

"కావద్దు. లెక్కల అది గాజు కావద్దు."

"సగం పనిల్నే ఆపుమంటున్నరా?"

"అవు. అక్కడ సగం పనే పూర్తి పని."

ఇలా అన్నానే గానీ, లెక్కను సగం పని అని జీవితంలో మొదటిసారి అన్నాను. అది నాకు నచ్చలేదు. నచ్చకపోయినా వేరే మాట దొరకలేదు. ఆమె మాత్రం కాసేపు ఆలోచించి, "గీ మాట మొదలే చెప్తే అయిపోవు గద మేడం" అంది. చెప్పాల్సింది నేనేనా అన్నది నాకు ఇప్పటికీ స్పష్టంగా లేదు, ఎందుకంటే నాకు గాజుల సంగతి తెలియదు, ఆమెకు నాకు తెలియదన్న సంగతి తెలియదు. ఈ లోపల కడ్డీ చల్లారి విరిగిపోయింది. హెడ్ సారు చెప్పమన్న మాట నేను చెప్పలేదు.

మర్నాడు హెడ్ సారును పట్టుకున్నాను. ఆమెను మీరే పిలిచి ఒక లెక్క అడగండి, రాకపోతే ఆపేయండి అన్నాను. ఆయన గొణిగి గొణిగి ఒప్పుకున్నాడు. ఆదివారం క్లాసయ్యాక ఖాళీ గదిలో ముగ్గురమే ఉన్నాం. ఆయన గైడు తెరిచి అందులోంచి ఒక 'లేదా' లెక్క చదివి చెప్పాడు. ఆమె విడదీసింది, గీత గీసింది, గులాబి వేసింది, నీలం వేసింది. కింద జవాబు రాయబోతూ చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. రెండు ముక్కలు విడివిడిగా రాసి, మధ్యలో 'లేదా' అని రాసింది.

ఆయన గైడులో చూసి, "కరెక్టే ఉన్నదమ్మా" అన్నాడు. వెంటనే, "కనీ ఒక్క లెక్క వస్తే ఏమైతది? నువ్వు మంచిగ తయారై ఎండాకాలం రాయి. ఫస్టుక్లాసుల పాసైతవు. అంత తొందరేమొచ్చింది" అన్నాడు.

ఎండాకాలం అన్న మాట ఆమె అప్పుడే వినడం. నావైపు తిరిగి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కాళ్ళ మీద పడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె డస్టర్ తీసుకుని బోర్డంతా తుడిచేసింది. కోపమొచ్చి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. మళ్ళీ ఒక గీత గీసింది. ఈసారి అంకెలు లేవు. గీత మీద ఒకచోట 'ఫిబ్రవరి' అని రాసింది, ఇంకాస్త కుడివైపు 'జూన్' అని రాసింది. గులాబి సుద్దముక్కతో ఫిబ్రవరికి ఎడమ పక్కంతా రుద్దింది. నీలం సుద్దముక్కతో జూన్‌కు కుడి పక్కంతా రుద్దింది.

నాకేమీ అర్థం కాలేదు. మళ్ళీ పాత లెక్కే వేస్తోందా, నెలలెందుకు రాసింది అని తికమకపడ్డాను. హెడ్ సారు నాకంటే తికమకపడ్డాడు. గైడులో పేజీలు తిప్పుతూ, "మేడం, ఇది ఏ ఎక్సర్‌సైజుల ఉన్నది?" అని అడిగాడు. తర్వాత బొమ్మ చూసి, ఇందాకటి లెక్కలాగే ఉందని, "రెండు ముక్కలు, కరెక్టే గదమ్మా" అన్నాడు.

"ఇందాకటిది 'లేదా' సార్. ఇది 'మరియు'" అంది ఆమె. గొంతు మెల్లగానే ఉంది. "ఫిబ్రవరి దాటకముందు కాయిదం ఇయ్యాలె, గది గులాబి. ఎండాకాలం రాస్తే జూన్‌లగాని కాయిదం చేతికి రాదు, గది నీలం. నాకు రెండు గావాలె సార్. రెండు రంగులు కలిసిన కాడ నిలవడాలె అని మేడం చెప్పిన్రు. నేను యాడ నిలవడాలె సార్?"

ఆయన బోర్డు వైపు చూశాడు. నేను కూడా చూశాను. ఫిబ్రవరికీ జూన్‌కూ మధ్య ఖాళీగా ఉంది, కానీ అసలు బాధ ఆ ఖాళీ కాదు. ఎక్కడా రెండు రంగులు ఒకదాని మీద ఒకటి పడలేదు. టెన్త్ పాసై ఉండాలన్న షరతు న్యాయమైనదే. గడువులోపల ఇవ్వాలన్న షరతు న్యాయమైనదే. ఫెయిలైన వాళ్ళను ఎండాకాలానికి ఆపుదామన్న సారు మాట కూడా కాదనలేనిదే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే బోలెడంత చోటుంది. అన్నీ కలిపితే ఆమెకు నిలబడడానికి గీత మీద చుక్కంత స్థలం లేదు. నాకు ఏడుపొచ్చింది. లెక్క చూసి పిల్లలు ఏడవడం నా సర్వీసులో చాలాసార్లు చూశాను, నేను ఏడవడం మాత్రం అదొక్కసారే.

 హెడ్ సారు గైడు మూసి నా వైపు తిరిగి, "పేరు కలపండి. రేపు సెంటర్ పోతే మీరిద్దరే జిమ్మేదార్" అన్నాడు. గది బయటికి వెళ్ళి, మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చి, "బోర్డు తుడువుండ్రి" అన్నాడు. ఆమె తుడవలేదు. నేనూ తుడవలేదు. సోమవారం ఎనిమిదో తరగతి పిల్లలొచ్చి తుడిచి ఉంటారు.

ఆమె పాసైంది. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు, సరిగ్గా గట్టెక్కేటన్ని వచ్చాయి. కాగితం గడువుకు ముందే డిపోలో ఇచ్చింది. స్టోర్స్‌లో సామాన్లు అందించే పని ఇచ్చారు. ఆ రోజు నాకు ఫోన్ చేసి, ఎక్కువ మాట్లాడకుండా, "లోపల పడ్డ మేడం" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి క్లాసుకు వెళ్తూ వరండాలో ఉన్నాను.

ఆ రోజు చెప్పాల్సింది అసమీకరణాలే. బోర్డు మీద రెండు షరతులు రాశాను, x ఐదు కన్నా ఎక్కువ మరియు x రెండు కన్నా తక్కువ. ఏళ్ళ తరబడి నేను ఇచ్చే లెక్కే. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, జవాబు లేదు అని రాసి కింద రెండు గీతలు గీస్తే పూర్తి మార్కులు. ముందు బెంచీలోని అమ్మాయి లేచి, "జవాబు లేదు టీచర్" అంది. ఆ అమ్మాయి చెప్పింది ముమ్మాటికీ సరైనది. నేను సుద్దముక్క పట్టుకున్నాను గానీ, 'లోపల పడ్డ మేడం' అన్న మాట చెవిలో ఉండగా ఆ రెండు గీతలు గీయలేకపోయాను.

"ఇంకోసారి చూడండి" అన్నాను.

పిల్లలు గాబరాగా పుస్తకాలు తెరిచారు. ఎక్కడ తప్పిందోనని గుర్తులు మళ్ళీ సరిచూసుకున్నారు. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి కూడా రాసిన జవాబు కొట్టేసింది. అక్కడ ఏ అంకే లేదని నాకు తెలుసు. అయినా గంట కొట్టేదాకా వాళ్ళ చేత వెతికిస్తూనే ఉన్నాను.